24 గంటల్లో 1,610 కిలోమీటర్లు: క్లబ్ పేరు మీద పెట్టాలా, వద్దా?

గోదారిగట్టు:
వచ్చే మీటింగులో ఓటుకు వస్తున్న విషయం కాబట్టి ముందే ఇక్కడ తేల్చుకుందాం. ఈసారి మన మోటార్‌సైకిల్ క్లబ్ వార్షిక రైడ్‌గా శాడిల్‌సోర్ పెట్టాలని కొందరు పట్టుబడుతున్నారు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. అమెరికాలో ఐరన్ బట్ అసోసియేషన్ అని, బండి మీద దూర ప్రయాణాలు చేసేవాళ్ళ సంస్థ ఒకటి ఉంది. 1984లో మొదలైన 11 రోజుల ఐరన్ బట్ ర్యాలీ వాళ్ళదే. ఆ ర్యాలీ దాకా వెళ్ళలేనివాళ్ళకు వాళ్ళిచ్చే సర్టిఫికెట్లలో మొదటి మెట్టు శాడిల్‌సోర్. 24 గంటల్లో వెయ్యి మైళ్ళు, అంటే 1,610 కిలోమీటర్లు నడపాలి. బయల్దేరిన చోట, పెట్రోలు పోయించుకున్న ప్రతిచోట, ముగించిన చోట బంకు బిల్లు తీసుకుని, ఓడోమీటర్ రీడింగు రాసి పంపాలి.

నేను వద్దంటాను. 2018లో కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద టూవీలర్‌కు గరిష్ఠ వేగం 80. మునిసిపల్ హద్దుల్లో 60. ఇప్పుడు 1,610ని 80తో భాగించండి. 20 గంటల పైచిలుకు. అదీ ముల్లు ఒక్క నిమిషం కూడా 80 దిగకుండా ఉంటేనే. ఊళ్ళు, టోల్‌గేట్లు, డైవర్షన్లు కలుపుకుని నిజాయితీగా నడిపితే సగటు 70 రావడమే గొప్ప. అప్పుడు 23 గంటలు సీటు మీదే గడుస్తాయి. పెట్రోలుకు, తిండికి, నిద్రకు కలిపి మిగిలేది ఒక్క గంట.

అంటే మన రోడ్ల మీద ఇది పూర్తి చేసినవాళ్ళు వేగ పరిమితి దాటి ఉండాలి, లేదా కన్ను మూయకుండా నడిపి ఉండాలి. చాలామంది రెండూ చేసే ఉంటారు. ఎవరికి వాళ్ళు చేసుకుంటే అది వాళ్ళిష్టం. క్లబ్ బ్యానర్ కట్టి, టీషర్టులు పంచి, 22 ఏళ్ళ కుర్రాళ్ళను ఆ లెక్కలోకి దింపడం మాత్రం మన పని కాదు.

వైజాగ్16:
అన్నా, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నా. నేను వైజాగ్–చెన్నై–వైజాగ్ రూటులో ఇది పూర్తి చేశాను. పోనురాను సుమారు 1,600, ఊళ్ళో తిరిగింది కలుపుకుంటే లెక్క సరిపోతుంది. ఇదేదో ఆవేశంతో చేసే పని అనుకుంటున్నారు చాలామంది. చేసినవాడికి తెలుస్తుంది అదెంత క్రమశిక్షణో.

ఎక్కడ పెట్రోలు, ఎక్కడ మజ్జిగ, ఎక్కడ పది నిమిషాలు నడుం వాల్చాలి, అన్నీ కాగితం మీద రాసుకుని బయల్దేరాను. ముందు రాత్రి త్వరగా పడుకున్నా. కడుపు నిండా తినలేదు. బంకులో బిల్లు మిషన్‌లో కాగితం అయిపోయిందంటే వాదించకుండా పక్క బంకుకు వెళ్ళాలని కూడా ముందే అనుకున్నా. మనకు టోల్ లేదు కాబట్టి టోల్ రసీదు ఉండదు, బంకు బిల్లే సాక్ష్యం. ఆ బిల్లు కాగితం ఎండకు తెల్లబడిపోతుంది, అందుకే అందుకున్న వెంటనే ట్యాంకు మీద పెట్టి, మీటర్ కూడా కనిపించేలా ఫోటో తీసి, తర్వాత కవర్లో వేసుకునేవాణ్ణి. 100 ఎక్కడా దాటలేదు.

ఆ ఒక్కరోజులో బండి గురించి, నా ఒళ్ళు గురించి తెలిసినంత, ఏళ్ళ తరబడి ఆదివారం బ్రేక్‌ఫాస్ట్ రైడ్లలో తెలియలేదు. కుర్రాళ్ళకు ఆ అవకాశం లేకుండా చేయకండి.

గోదారిగట్టు:
తమ్ముడూ, నీ క్రమశిక్షణను నేను ప్రశ్నించను, నువ్వు నడపడం చూశాను. కానీ "100 దాటలేదు" అన్నావు చూడు, నేను చెప్పేది అదే. పరిమితి 80. ఇంత జాగ్రత్తగా ప్లాన్ చేసుకున్న నీలాంటివాడికే 80లో కుదరలేదంటే లోపం నీలో లేదు, ఆ 24 గంటల గడువులో ఉంది.

రాత్రిడ్యూటీ_డాక్టర్:
క్యాజువాలిటీలో పనిచేస్తాను, నేనూ బండి నడుపుతాను. వేగం సంగతి మీరు తేల్చుకోండి, నేను నిద్ర గురించి మాట్లాడతాను.

1997లో నేచర్ పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకుల వ్యాసం ఒకటి వచ్చింది. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని తేల్చారు. 24 గంటలు మేలుకుంటే అది సుమారు 0.10 శాతంతో సమానం. మన దేశంలో డ్రంకెన్ డ్రైవ్ హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. వైజాగ్16 గారూ, మీరు తెల్లవారుజామున మూడింటికి లేచారనుకుందాం. తిరుగు ప్రయాణంలో తుని దాటేసరికి అర్ధరాత్రి ఒంటిగంట దాటి ఉంటుంది. అప్పటికి 22 గంటలు. చుక్క తాగకుండానే మీ శరీరం ఆ హద్దుకు రెండింతలు దాటి ఉంటుంది.

పైగా రాత్రి రెండు నుంచి ఐదు మధ్య ఎంత నిద్రపోయి వచ్చినవాడికైనా శరీరం సహజంగానే మందగిస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, మెదడు రెండు మూడు సెకన్లు ఆగిపోతుంది. 80లో వెళ్ళే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే 66 మీటర్లు. కారులో అయితే పక్క సీటులోవాళ్ళు తట్టి లేపుతారు. బండి మీద ఎవరు లేపుతారు?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్ళే. ఇది రవాణా శాఖ నివేదికలోని అంకె. ఆ శాతంలో కొందరిని నేను స్ట్రెచర్ మీద చూస్తాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

వైజాగ్16:
డాక్టర్ గారూ, మీ లెక్క కాదనను. కానీ హైదరాబాద్ నుంచి రాత్రి బస్సు ఎక్కి మనమందరం ఊళ్ళకు వెళ్తున్నాం. ఆ డ్రైవర్‌కు వర్తించని నియమం మాకే ఎందుకు?

రాత్రిడ్యూటీ_డాక్టర్:
ఆయనకూ వర్తిస్తుందండీ. మోటార్ రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటలని హద్దు పెట్టింది. దూరం బస్సుల్లో ఇద్దరు డ్రైవర్లను పెట్టేది అందుకే. ఎక్కడైనా పాటించకపోతే అది తప్పు. ఆ తప్పును చూపించి మనం ఇంకో తప్పు ఎలా చేస్తాం?

ప్లేనో_తెలుగబ్బాయి:
టెక్సస్ నుంచి రాస్తున్నా. ఇక్కడ శాడిల్‌సోర్ చేసిన తెలుగువాళ్ళు నాకు తెలుసు, నేనూ చేశాను. ఇండియాలో చాలామందికి ఒక విషయం తట్టడం లేదు. ఈ వెయ్యి మైళ్ళ అంకె ఈ రోడ్ల మీద పుట్టింది. డల్లాస్ నుంచి ఎల్‌పాసో వైపు వెళ్తుంటే ఐ-20, ఐ-10 హైవేల మీద పరిమితి 75 మైళ్ళు, పడమటి టెక్సస్‌లో 80 మైళ్ళు కూడా ఉంది. అంటే గంటకు 120 నుంచి 128 కిలోమీటర్లు, చట్టబద్ధంగానే. పోలీసు పక్కనే వచ్చినా గుండె దడ ఉండదు. వెయ్యి మైళ్ళు 15 గంటల్లో అయిపోతాయి. మిగతా 9 గంటల్లో మోటెల్‌లో పడుకుని లేచి మరీ ముగించవచ్చు. రోడ్డుకు అడ్డంగా ట్రాక్టర్ రాదు, ఎదురుగా రాంగ్ రూటులో బండి రాదు.

ఇంకో మాట. ఆ సంస్థ శాడిల్‌సోర్‌ను రేసు అనదు, త్వరగా ముగించినవాడికి అదనంగా ఏమీ ఇవ్వదు. పెద్ద ర్యాలీలో ఆగి విశ్రాంతి తీసుకున్నందుకు బోనస్ పాయింట్లు ఉంటాయి. అన్నాళ్ళు పోటీ పెట్టేవాళ్ళే నిద్రకు పాయింట్లు ఇస్తున్నారు. మనం వాళ్ళ దగ్గర నుంచి దూరం ఒక్కటే తీసుకున్నాం.

పాలమూరు_రైడర్:
గోదారిగట్టు అన్న లెక్కలో ఆగడానికి పెట్టుకున్న సమయం మగవాళ్ళకే సరిపోదు, మాకు ఇంకా కష్టం. మీరు బంకులో ఐదు నిమిషాల్లో బయటపడతారు. నేను రాత్రి రెండింటికి హైవే మీద వాడదగ్గ టాయిలెట్ ఉన్న బంకు వెతుక్కోవాలి. ఒకచోట తాళం, ఇంకోచోట లైటు ఉండదు, నీళ్ళు ఉండవు. 13 లీటర్ల ట్యాంకు బండి అయితే 300 దాటాక పోయించుకోవాల్సిందే, అంటే కనీసం ఐదుసార్లు ఆగాలి. నేను నీళ్ళు తాగడం తగ్గించి నడిపే ఆడపిల్లల్ని చూశాను, సమయం కలిసొస్తుందని. ఎండలో అలా చేస్తే ఏమవుతుందో డాక్టర్ గారికి తెలుసు.

రోడ్డు సంగతి కూడా చెప్పాలి. వేగంగా వెళ్ళే రోడ్ల మీదికి మనల్ని రానివ్వరు. హైదరాబాద్ ఔటర్ మీదికి టూవీలర్‌కు ప్రవేశం లేదు, బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద 2023 నుంచి నిషేధం. నాగ్‌పూర్ నుంచి వచ్చి 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి పోవాలంటే మేడ్చల్ నుంచి శంషాబాద్ దాకా సర్వీస్ రోడ్డో, సిటీ ట్రాఫికో తప్పదు. మనకు మిగిలేవి ఊళ్ళ మధ్య నుంచి పోయే రోడ్లే.

ఇక కోతల కాలంలో మా వైపు వచ్చి చూడండి. సర్వీస్ రోడ్డు మీద, కొన్నిచోట్ల మెయిన్ రోడ్డు అంచున వడ్లు, మక్కలు ఆరబోస్తారు. చుట్టూ రాళ్ళు పేర్చి, రాత్రికి పైన నల్ల టార్పాలిన్ కప్పుతారు. ఎదురుగా లారీ హై బీమ్ కొడుతుంటే నల్ల రోడ్డు మీద నల్ల పట్టా కనిపించదు. అలా పడి చనిపోయినవాళ్ళు ఉన్నారు. రైతును తిట్టి లాభం లేదు, అతనికి కల్లం లేదు. కానీ ఆ రాత్రి ఆ రోడ్డు మీద 20వ గంట నడుపుతున్నవాణ్ణి క్లబ్ పంపించి ఉండకూడదు.

బ్రెవే_సైకిల్:
నేను సైకిల్ రాండొన్యూర్‌ని, అంటే దూరాలు తొక్కేవాణ్ణి. హైదరాబాద్‌లో బ్రెవేలు, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్లు, చేస్తుంటాను. మోటార్‌సైకిల్ వాళ్ళ గొడవలో తలదూరుస్తున్నా, ఏమీ అనుకోకండి. మాకు 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కి 40 గంటల గడువు. అందరికీ తెలిసింది అంతవరకే. తెలియనిది ఇంకోటి ఉంది. దారిలో మా కార్డు మీద ముద్ర వేసే ప్రతి కంట్రోల్ పాయింటుకూ మూసే సమయంతో పాటు తెరిచే సమయం కూడా ఉంటుంది. ముందే వెళ్ళి కూర్చున్నా కార్డు మీద ముద్ర వేయరు. తెరిచేదాకా ఆగాల్సిందే. దాంతో ఎవరూ ప్రాణం మీదికి తెచ్చుకునేలా తొక్కరు, తొక్కినా లాభం లేదు. మీ టీఎస్‌డీ ర్యాలీల్లో, అంటే చెప్పిన సగటు వేగంతో చెప్పిన సమయానికే చేరాల్సిన పోటీల్లో కూడా ముందు చేరినవాడికి పెనాల్టీ ఉంటుంది కదా?

గోదారిగట్టు:
ఉంటుంది. ఈ మాట కోసమే చూస్తున్నా. మొన్న ఒకరు ఫోన్ చేసి "మీకు దూరాలంటే భయమా" అన్నారు. దూరం అంటే నాకు ప్రాణం. దాన్ని పాడు చేస్తున్నది గడువు.

కాబట్టి మీటింగులో నేను పెట్టే తీర్మానం ఇది. దూరం అదే 1,610. గడువు 40 గంటలు. ఉదయం ఐదింటికి వైజాగ్‌లో బయల్దేరి, చెన్నైలో రాత్రి పది నుంచి ఐదు దాకా బండి తాళం కంట్రోల్ టేబుల్ మీద పెట్టాలి. మర్నాడు రాత్రి తొమ్మిదికల్లా వైజాగ్. ప్రతి కంట్రోల్‌కూ 65 సగటుతో లెక్క కట్టిన తెరిచే సమయం. విజయవాడ 350 కిలోమీటర్లు అనుకుంటే సుమారు పదీ ఇరవైకి ముందు ఎవరికీ ముద్ర పడదు. 110లో వచ్చినవాడు అక్కడ కూర్చుని మనకు ఇడ్లీ ఆర్డర్ చెప్పి ఉంచాలి.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా రోడ్డు మీద రేసు, వేగ పరీక్ష నేరం. శాడిల్‌సోర్ రేసు కాదని మనం వాదించవచ్చు. ప్రమాదం జరిగాక, 80లో సాధ్యం కాని గడువు మనమే రాసిచ్చిన కాగితం చూపిస్తే ఆ వాదన ఎంతసేపు నిలుస్తుంది?

రాత్రిడ్యూటీ_డాక్టర్:
రోజుకు 12 గంటలు నడపడం కూడా నాకు ఎక్కువే అనిపిస్తోంది. కానీ మధ్యలో ఏడు గంటల రాత్రి ఉంది కాబట్టి ఓటు వేస్తాను. ఆ ఏడు గంటలు నిజంగా పడుకోవాలి. గదిలో చేరి కబుర్లు పెట్టుకుంటే లెక్క మళ్ళీ మొదటికే.

పాలమూరు_రైడర్:
చెన్నై హాల్ట్ హోటల్, మధ్య కంట్రోల్ బంకులు ముందే ఎవరైనా వెళ్ళి చూసి రావాలి. ఆడవాళ్ళ టాయిలెట్ తెరిచి ఉన్న బంకునే కంట్రోల్‌గా పెట్టండి. ఆ పని నేను తీసుకుంటా. నాయుడుపేట నుంచి మొదలుపెడతా.

వైజాగ్16:
ఒక్క అభ్యంతరం చెప్పి ఊరుకుంటా. క్లబ్ పెట్టకపోతే 24 గంటలది ఆగిపోదు. రీల్స్ చూసి, ఎవరికీ చెప్పకుండా, ముందు నిద్ర కూడా లేకుండా వెళ్ళిపోతారు. మా దగ్గరికి వస్తే కనీసం జాగ్రత్తలు చెప్తాం కదా?

గోదారిగట్టు:
నీ మాటలో బలం ఉంది తమ్ముడూ. అందుకే జాగ్రత్తలు చెప్పే క్లాసు నువ్వే పెట్టు. బిల్లుల దగ్గర నుంచి తిండి దాకా నువ్వు రాసుకున్న కాగితం మొత్తం అందరికీ చూపించు. వచ్చినవాడు తర్వాత సొంతంగా వెళ్తానంటే ఆపలేం. కానీ క్లబ్ పేరు చూసి ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటారు చూడు, "పెద్దవాళ్ళున్నారు, చూసుకుంటారు" అని, ఆ ఒప్పుకోలును ఈ గడువు కోసం మనం వాడకూడదు.

వైజాగ్16:
సరే, 40 గంటలకు ఓటేస్తా. అయితే ఇప్పటికే శాడిల్‌సోర్ చేసిన మా పేర్లు క్లబ్ బోర్డు మీద నుంచి తీసేస్తామంటే మాత్రం ఒప్పుకోను.

గోదారిగట్టు:
మీ పేర్లు ఉంటాయి. ఆ వరుసలో కొత్తవి రాయడం ఆపుతాం. 40 గంటల వాళ్ళకు పక్కన ఇంకో వరుస పెడదాం.