లివర్‌పూల్‌లో ఆల్‌టైమ్ గొప్ప ప్లేయర్ ఎవరు? బాబాయ్‌కీ నాకూ తగువు తెగట్లేదు

గట్టుమీద_కాపలా:
మాది భీమవరం పక్కన పల్లెటూరండి, నాలుగెకరాల రొయ్యల చెరువు. రాత్రిళ్లు ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కొట్టే మిషన్లు) చూసుకోడానికి షెడ్డులో నేనూ మా బాబాయే పడుకుంటాం. ఎలాగూ నిద్ర ఉండదు కాబట్టి ఫోన్‌ని మేత బస్తాకి ఆనించి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ మ్యాచ్‌లు చూస్తుంటాం. మొన్న మ్యాచ్ అయ్యాక మాటా మాటా పెరిగింది. క్లబ్ చరిత్రలో జెరార్డ్‌ని మించినోడు లేడని నేనన్నాను. ఆయన "డాల్గ్లిష్ ఆట చూడనోడివి, నీకేం తెలుసురా" అని తీసిపారేశాడు. ఆయన 1980ల్లో కువైట్‌లో డ్రైవరు, అక్కడ సేటు ఇంట్లో క్యాసెట్లు తెగ చూశాడంట, అప్పట్నుంచీ ఇదే పిచ్చి.

నా వాదన ఏంటంటే, డాల్గ్లిష్ చుట్టూ సూనెస్, హాన్సెన్, రష్ లాంటోళ్లు ఉన్నారు. జెరార్డ్ చాలా ఏళ్లు ఒక్కడే లాగాడు. 710 మ్యాచ్‌లు, 186 గోల్స్, అదీ మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతూ. ఎఫ్‌ఏ కప్, లీగ్ కప్, యూఫా కప్, ఛాంపియన్స్ లీగ్, నాలుగింటి ఫైనల్స్‌లోనూ గోల్ కొట్టినోడు అతనొక్కడే. ఇదంతా చెప్తే బాబాయ్ తాపీగా చుట్ట వెలిగించుకుని ఒక్కటే అడుగుతాడు: "లీగ్ ఎన్నిసార్లు గెలిచాడ్రా?" ఇంగ్లండ్‌లో సీజనంతా సాగే ఆ టైటిల్ జెరార్డ్ ఒక్కసారీ గెలవలేదు, అక్కడ నా నోరు పడిపోతోంది. దీనికి ఎవరైనా జవాబు చెప్పండి బాబూ.

నర్సాపురం_రెడ్:
ఆయ్, జవాబు లేదండి, ఎందుకంటే మీ బాబాయ్‌గారిదే కరెక్టు. 1977లో అప్పటి స్టార్ కీగన్ జర్మనీ క్లబ్ హాంబర్గ్‌కి వెళ్లిపోతే ఇక క్లబ్ పని అయిపోయిందనుకున్నారు. స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్ నుంచి 4 లక్షల 40 వేల పౌండ్లకి డాల్గ్లిష్‌ని తెచ్చారు, అదే 7 నంబర్ ఇచ్చారు, ఏడాది తిరిగేసరికి కీగన్ ఊసెత్తినోడు లేడు. 1978 యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్లో బెల్జియం క్లబ్ బ్రూజ్ మీద కొట్టిన గోల్ వీడియో దొరుకుతుంది, చూడండి. గోల్‌కీపర్ ఎదురొచ్చాడు. మామూలోడైతే అక్కడే బాదేస్తాడు. ఇతను ఒక్క క్షణం ఆగాడు, కీపర్ కింద పడేదాకా ఆగి, పడ్డాక బంతిని మీదనుంచి మెల్లగా లేపాడు. ఆ ఆగడం ఉంది చూశారూ, అది నేర్పితే వచ్చేది కాదు.

లీగ్‌లంటారా, ఆటగాడిగా 6, యూరోపియన్ కప్పులు 3. 1985-86లో తనే మేనేజరు (అంటే కోచ్), తనే ప్లేయరు, చెల్సీ గ్రౌండ్‌లో లీగ్ ఖాయం చేసిన గోల్ కూడా తనదే, ఆ సీజన్లోనే ఎఫ్‌ఏ కప్ కూడా. పెళ్లికొడుకూ తనే, పురోహితుడూ తనే అన్నమాట. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో జనం తొక్కిసలాటలో అభిమానులు చనిపోయినప్పుడు (తర్వాత చనిపోయినవాళ్లతో కలిపి 97 మంది) ఒకే రోజు నాలుగు అంత్యక్రియలకి వెళ్లిన మనిషి. అది ఆట లెక్కలోకి రాదనుకోండి, నేనూ కలపట్లేదు. కానీ ఆ ఊళ్లో ఆయన పేరు తలుచుకునే తీరు వేరుగా ఉండటానికి కారణం అదే.

లంక_కుర్రోడు:
అన్నా ఇద్దరూ పాతకాలంలోనే ఉండిపోయారు. సలా ఏమయ్యాడు? 2017లో వచ్చాడు, మొదటి సీజన్లోనే లీగ్‌లో 32, మొత్తం 44. 2024-25లో 29 గోల్స్, 18 అసిస్ట్‌లు (గోల్ కొట్టేలా అందించిన పాస్‌లు), అదీ ముప్పై దాటాక. లీగ్‌లో ఎక్కువ గోల్స్‌కి ఇచ్చే గోల్డెన్ బూట్ 4 సార్లు. లీగ్ రెండు, ఛాంపియన్స్ లీగ్ ఒకటి. ఇంతా చేసి వింగర్! క్లబ్ గోల్స్ పట్టికలో పైన రష్, హంట్ ఇద్దరే. బాబాయ్ అడిగిన ప్రశ్నకి జవాబు జెరార్డ్ దగ్గర లేదు గానీ సలా దగ్గర ఉంది.

లాకుల_దగ్గర:
తమ్ముడూ, గోల్సే కొలత అయితే 346 కొట్టిన రష్‌తో చర్చ ముగించేసి పడుకోవచ్చు. రష్‌ని మాత్రం ఎవరూ మొదటి పేరుగా చెప్పరు, పాపం.

నేను జెరార్డ్ వైపే. 2005 ఇస్తాంబుల్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ మనకి రాత్రి పన్నెండుంపావుకి మొదలైంది. రోహిణి కార్తె, ఉక్క, పాలకొల్లులో మా మేడమీద టీవీకి పొడుగు వైరు లాగి చూస్తున్నాం. హాఫ్ టైమ్‌కి మిలాన్ 3, మనోళ్లు సున్నా. అప్పుడే కరెంటు పోయింది. దేవుడే చూడొద్దన్నాడని చాప పరుచుకుని పడుకున్నాను. పొద్దున్నే పేపర్ తెప్పిస్తే అందులో ఫలితమే లేదు, మ్యాచ్ అయ్యేసరికే మూడు దగ్గరపడింది కదా, మన జిల్లా పేపర్లు అప్పటికే అచ్చయిపోయుంటాయి. ఓడిపోయామనే దిగులుతో సాయంత్రం దాకా తిరిగాను. నెట్ సెంటర్ కుర్రోడు పిలిచి స్క్రీన్ చూపిస్తే 3-3, పెనాల్టీల్లో గెలుపు! ఆ హాఫ్ లైవ్‌లో చూడలేదన్న బాధ ఇప్పటికీ పోలేదు.

తర్వాత రికార్డింగ్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 54వ నిమిషంలో హెడర్ కొట్టి చేతులు ఊపుతూ జనాన్ని లేపింది జెరార్డే. మూడో గోల్‌కి దారితీసిన పెనాల్టీ అతన్ని పడేస్తేనే వచ్చింది. చివర్లో మిలాన్ ఆటగాడు సెర్జీన్యో దూసుకొస్తుంటే రైట్ బ్యాక్‌లోకి వెళ్లి కాపలా కాసిందీ అతనే. ఒక్క మ్యాచ్‌లో మూడు ఉద్యోగాలు.

లీగ్ సంగతా? 2008-09లో 86 పాయింట్లు, సీజన్ మొత్తం మీద రెండే ఓటములు, అయినా రెండో స్థానం, మాంచెస్టర్ యునైటెడ్‌కి 90. 2013-14లో మాంచెస్టర్ సిటీ కంటే రెండు పాయింట్లు తక్కువ. అవును, ఆ సీజన్లో చెల్సీ మ్యాచ్‌లో జారిపడి గోల్ ఇచ్చేశాడు, నేనూ చూశాను, ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.

ఇంకోటి. క్లబ్ 2006లో అభిమానులతో ఓట్లు వేయిస్తే డాల్గ్లిష్ మొదట, జెరార్డ్ రెండు. 2013లో మళ్లీ వేయిస్తే జెరార్డ్ మొదట, డాల్గ్లిష్ రెండు. మధ్యలో జెరార్డ్ లీగేమీ గెలవలేదు మరి! ఓటేసే జనం మారారు, అంతే.

చింతపల్లి_చెట్టుకింద:
కాలహన్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. 857 మ్యాచ్‌లు, క్లబ్ రికార్డు, సెకండ్ డివిజన్ నుంచి యూరోపియన్ కప్ దాకా. కెరీర్ మొత్తంలో ఎల్లో కార్డు ఒక్కటంటే ఒక్కటి. గొప్పోడా కాదా అన్నది తర్వాత, ముందు పేరైనా తలవండి మహాప్రభో.

గట్టుమీద_కాపలా:
అందరికీ థ్యాంక్సండి. ఇదంతా బాబాయ్‌కి చదివి వినిపించాను. నర్సాపురం వారిది రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ 2005 కథకి నవ్వి, ఆ రాత్రి మాత్రం జెరార్డే మొనగాడని ఒప్పుకున్నాడు, నా జన్మ ధన్యం. 86 పాయింట్ల సంగతి చెప్తే "రెండోదానికి కప్పు ఇస్తారంట్రా?" అన్నాడు. సరేలే కనీసం రెండో స్థానమైనా ఇచ్చెయ్యమన్నాను. కాసేపు ఆలోచించి, లంక కుర్రోడి పోస్టు మళ్లీ చదవమని, సలాని రెండులో పెట్టి జెరార్డ్‌ని మూడుకి దింపేశాడు! తమ్ముడూ, నీ పుణ్యమే ఇది. ఇప్పుడు రెండో స్థానం కోసం కొట్టుకోవాలి. ఉంటానండి, అవతలి గట్టు ఏరియేటర్ ఆగినట్టుంది, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే టైమ్ ఇది.