ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపింది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా, బీసీ కుటుంబం. మా చెల్లి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే బీటెక్ పూర్తి చేసింది. ఎంసెట్‌లో పది వేల లోపు ర్యాంకు రాలేదు కాబట్టి ఏడాదికి 35,000 వరకే ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది నాన్న అప్పో సప్పో చేసి కడుతూ వచ్చారు. స్కాలర్‌షిప్‌ల ప్రభుత్వ వెబ్‌సైట్ ఈపాస్‌లో ఏటా రెన్యువల్ చేశాం, మీసేవలో వేలిముద్రలు కూడా వేయించాం. ఇప్పుడు చూస్తే స్టేటస్‌లో శాంక్షన్ అయినట్టే ఉంది, డబ్బు మాత్రం కాలేజీకి చేరలేదట.

చెల్లికి ఉద్యోగం వచ్చింది. జాయినింగ్ రోజు ఒరిజినల్స్ చూపించాలి. టీసీ, మెమోలు అడిగితే, "బకాయి మొత్తం కట్టి తీసుకెళ్ళండి, ప్రభుత్వం ఇచ్చాక మీకు తిరిగిస్తాం" అంటున్నారు కౌంటర్లో. రాతపూర్వకంగా ఇమ్మంటే ఇవ్వరు. అంత డబ్బు మా దగ్గర లేదు. అసలు ప్రభుత్వం కట్టాల్సిన బాకీకి పిల్లల సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకోవడం చాలా అన్యాయం. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లోనే చెప్పింది కదా. దాన్ని చూపించి ఎవరైనా తెచ్చుకోగలిగారా? జిల్లా బీసీ సంక్షేమ అధికారికి అర్జీ పెట్టాలా, ప్రజావాణిలో కలెక్టర్‌కి ఇవ్వాలా, నేరుగా యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి రాయాలా? ఏది త్వరగా పనిచేస్తుంది? అండర్‌టేకింగ్ (హామీపత్రం) రాసిచ్చి తీసుకున్నవాళ్ళు ఉంటే, అందులో ఏం రాశారో దయచేసి చెప్పండి.