నీటి సంఘం నడిపేవాడికి బుర్రకథ ఏమి నేర్పుతుంది?

శివారు రైతు (అల్లవరం వైపు):

ఈ దాళ్వాకు (రెండో పంట వరికి) ముందే నన్ను మా నీటి సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. మాది మధ్య డెల్టాలో చివరి బోదె (పొలాలకు నీరిచ్చే పిల్లకాలువ) మీద ఉన్న ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇన్నేళ్ళయినా శివారు బాధ, అంటే కాలువ చివరి పొలాలకు నీరందని బాధ, తీరలేదు. గోదావరిలో ప్రవాహం తగ్గి ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీటి కోసం ఎదురుచూసే రోజులివి. అందుకని ఎవరి పొలానికి ఎన్ని గంటలు నీరో లెక్క కట్టి వంతులవారీ విధానం పెట్టాం. సమావేశంలో అందరూ సరే అంటారు. ఆ రాత్రే ఎగువన ఎవరో బోదెకు అడ్డుకట్ట వేస్తారు. తెల్లవారేసరికి చివరి చేలు బీటలు.

నాకు గట్టిగా మాట్లాడటం వచ్చు, నలుగురి చేత అవుననిపించుకోవడమూ వచ్చు. మొన్న మా పెద్దనాన్న "నీ చుట్టూ అందరూ తందాన అంటున్నారు, వంత పని చేసేవాడు ఒక్కడూ లేడు" అన్నారు. బుర్రకథ అంటే ఆయనకు ప్రాణం. అందులో కథకుడి పక్కన నిలబడి "తందాన" అంటూ అందుకునేవాడే వంత. ఆ మాట నన్ను వదలడం లేదు. కళాసాధనలో నాయకత్వానికి పనికివచ్చేది నిజంగా ఉందా? బుర్రకథ దళాల్లో పనిచేసినవారు చెప్పండి.

పాత వంత (కాకినాడ):

బాబూ, మీ పెద్దనాన్నగారు చాలా లోతైన మాట అన్నారు. నేను ఇరవై రెండేళ్ళు వంతగా డక్కీ (చిన్న డోలు) వాయించాను. తందాన అనడమే వంత పని అని లోకం అనుకుంటుంది. అది సగమే.

కథకుడు మధ్యలో తంబురాతో, చేతిలో అందెలతో (తాళం వేసే లోహపు ఉంగరాలతో) నిలబడతాడు. ఇటూ అటూ మేమిద్దరం. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం, అంటే ఊరి సంగతులు, నాటి పాలన తీరు ఎత్తి చూపే పని. కథకుడి మనసు కథలో ఉంటుంది, ఉండాలి కూడా. జనాన్ని చూసే కళ్ళు మావి. చివరి వరుసలో ముసలమ్మకు ఏ సందేహం వస్తుందో, దాన్ని ఆమె తరఫున మేము అడగాలి. బుర్రకథకు పేరు తెచ్చిన పద్మశ్రీ నాజర్ గారి కథలు విన్నవారికి ఈ సంగతి తెలుస్తుంది.

ఒకసారి గోదావరి గట్టున జాతరలో మా కథ. యుద్ధఘట్టం మంచి ఊపులో ఉండగా మైకు ఆగిపోయింది. ముందు వరుసలు వింటూనే ఉన్నాయి కాబట్టి కథకుడికి తెలియలేదు. వెనక జనం ఒక్కొక్కరే లేస్తున్నారు. నేను డక్కీ ఆపి, "అన్నా, వెనకవాళ్ళకు నీ చేతులు కనబడుతున్నాయి గాని యుద్ధం వినబడటం లేదు" అన్నాను. ఆయన వేదిక దిగి జనం మధ్యకు నడిచి, మిగిలిన కథంతా అక్కడే చెప్పాడు. లేచినవాళ్ళు కూర్చున్నారు.

ఆ ధైర్యం నాకు ఆ రాత్రి పుట్టింది కాదు. సాధన చేసేటప్పుడే ఎక్కడ ఆపాలో, ఏమి అడగాలో ఆయనే మాకు చోటు ఇచ్చేవాడు. మీ సమావేశాల్లో అడిగే పని ఎవరికి అప్పగించారు? ఎవరికీ అప్పగించకపోతే ఎవరూ అడగరు, రాత్రి అడ్డుకట్ట వేస్తారు. శివారు రైతునొకరిని మీ పక్కన కూర్చోబెట్టండి. ప్రశ్నించడం ఆయన హక్కని అందరి ముందూ చెప్పండి. అయితే తాళం మాత్రం మీది. వంతుల పట్టికను ఎవరి మొహమాటానికీ మార్చకండి.

అల్లిక (నరసాపురం):

బాబాయిగారి మాట నిజమే గాని, అడిగించుకుంటే చాలదు. మా ఇంట్లో పదకొండు మంది లేసు అల్లుతారు, పని చూసేది నేను. గుండ్రటి బల్లగుడ్డలో నడిమి వరుసలో ఒక చైను (అల్లిక కుట్టు) తప్పితే అప్పుడు కనబడదు. పదిహేను వరుసలయ్యాక అంచు ముడుచుకుపోతుంది. ఇస్త్రీతో లాగి సరిచేయాలని అందరికీ అనిపిస్తుంది. ఆ లెక్క చెప్పింది నేనే అయితే, ముందు నా గుడ్డ విప్పుతాను, అందరూ చూస్తుండగా. తర్వాత వాళ్ళ చేత విప్పిస్తాను. కూలి నష్టం నాది. మీ పట్టికలో గంటల లెక్కే తప్పిందేమో చూశారా అన్నయ్యా?

శివారు రైతు:

చూడలేదు చెల్లెమ్మా. నిన్న చివరి చేను రైతుతో కలిసి బోదె గట్టున నడిచాను. గుర్రపు డెక్క నిండిపోయి నీరు సగం కూడా పారడం లేదు. మన గంటలేమో బోదె శుభ్రంగా ఉన్నట్లు లెక్క కట్టినవి. ఆయన "ఈ గంటలు ఎవరు కొలిచారు?" అని అడిగాడు. కొలిచింది నేను, ఇంట్లో కూర్చుని. ఆదివారం అందరి ముందూ పాత పట్టిక తీసివేసి, లస్కరును (కాలువ నీరు చూసే ఉద్యోగిని) కూడా పిలిచి కొత్తగా కొలుస్తాం.

బాబాయిగారూ, ఆయన ప్రశ్నకు నాకు ముందు కోపమే వచ్చింది. మీ కథకుడికి రాలేదా?

పాత వంత:

వచ్చేది. అప్పుడు తంబురా శ్రుతి చూసుకునేవాడు. మేము కాసేపు డక్కీ మోగిస్తూ ఉండేవాళ్ళం.