అమెరికాలో అమ్మాయికి రెండు నెలలు ఇన్సూరెన్స్ గ్యాప్: షార్ట్ టర్మ్ ప్లాన్ తీసుకోవచ్చా?

కొత్తపేట మందులషాపు, గుంటూరు

అందరికీ నమస్కారం. మా చిన్నమ్మాయి డాలస్‌లో ఉద్యోగం మారుతోంది. పాత కంపెనీ ఇన్సూరెన్స్ ఈ నెలాఖరుతో ఆగిపోతుంది. ఒకటో తారీఖునే కొత్త కంపెనీలో చేరుతుంది గానీ, వాళ్ల ఇన్సూరెన్స్ రెండు నెలలు ఆగితే గానీ మొదలవదట. ఈలోగా షార్ట్ టర్మ్ హెల్త్ ప్లాన్ తీసుకుంటానంటోంది. చాలా చవక, ఆన్‌లైన్‌లో ఇట్టే అయిపోతుందట. అంత తేలిగ్గా ఇస్తున్నారంటేనే నాకు అనుమానం. బిల్లు మీద బ్యాచ్ నంబరు లేదని క్లెయిమ్ వెనక్కొచ్చి మళ్లీ నా షాపుకొచ్చేవాళ్లను రోజూ చూస్తుంటాను.

అమ్మాయికి థైరాయిడ్ ఉంది, అదేమంత పెద్ద విషయం కాదు. కిందటేడు మాత్రం కిడ్నీలో రాయితో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వెళ్లింది. ఇన్సూరెన్స్ ఉండబట్టి సరిపోయింది. ఇప్పుడేమో "రెండు నెలల్లో ఏమవుతుంది నాన్నా" అంటోంది. మా బావమరిది కొడుకు కోబ్రా తీసుకోమన్నాడు, అంటే పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే మన డబ్బుతో కొనసాగించుకోవడమట. దాని ప్రీమియం పేరుకు తగ్గట్టే ఉంది! తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట పాలసీలు, విజయవాడ

సార్, ఇక్కడి నుంచే ఒక ట్రావెల్ పాలసీ తీసేస్తే పోదా? రూపాయల్లో అయిపోతుంది.

తెనాలి అమ్మాయి, టెక్సాస్

బాబాయ్ గారూ, నేనిక్కడ ఆసుపత్రి బిల్లింగ్‌లో పనిచేస్తాను. ముందు పటమట అన్నయ్యగారికి: ట్రావెల్ పాలసీ ఇండియాలో బయల్దేరకముందు తీసుకునేది, చుట్టపుచూపుగా వచ్చి వెళ్లేవాళ్లకు. ఇక్కడే ఉండి ఉద్యోగం చేసుకునే అమ్మాయికి అది పనికిరాదు.

షార్ట్ టర్మ్ ప్లాన్ దొంగ సరుకేమీ కాదు. టెక్సాస్‌లో చట్టప్రకారమే అమ్ముతారు, కాలిఫోర్నియాలో అయితే అమ్మనివ్వరు. 2010 నాటి ఒబామా చట్టం మామూలు ప్లాన్లకు పెట్టిన షరతులు దీనికి లేవు, అందుకే చవక. పాత జబ్బు ఉంటే పాలసీ ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా ఆ జబ్బుకు పైసా రాలకపోవచ్చు. చాలావాటిలో కాన్పు ఖర్చు ఉండదు, మందుల ఖర్చూ ఉండదు. ఇంతకు మించి ఇవ్వమని ఒక పరిమితి కూడా ఉంటుంది. తీసుకునేటప్పుడు అడిగేది నాలుగు ప్రశ్నలే, అసలు ఆరా క్లెయిమ్ పెట్టాక మొదలవుతుంది. మీ అమ్మాయికి మళ్లీ నొప్పి వచ్చిందనుకోండి, పాత రికార్డులు తెప్పిస్తారు. కిందటేటి స్కాన్ కనపడుతుంది. ఇది ముందునుంచీ ఉన్న జబ్బేనని ఉత్తరం ముక్క పంపి చేతులు దులుపుకుంటారు. ఆ ఉత్తరం పట్టుకుని మా కౌంటర్‌కొచ్చి ఏడ్చేవాళ్లకు నేను వాయిదాల ఫారం ఇవ్వడం తప్ప ఏం చేయలేను.

కోబ్రా సంగతి మీవాడు సగమే చెప్పాడు. పాత కంపెనీలో 20 మంది, అంతకు మించి ఉద్యోగులుంటే, కొనసాగించుకోవాలో వద్దో తేల్చుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. ఆ గడువులో ఎప్పుడు సరేనన్నా, ఇన్సూరెన్స్ ఆగిన రోజు నుంచే ఉన్నట్టు లెక్క. మొదటి డబ్బు కట్టడానికి ఆ తర్వాత ఇంకో 45 రోజులు. కాబట్టి ఇప్పుడే ఒక్క డాలరూ కట్టక్కర్లేదు. ఏమీ కాకపోతే వదిలేయండి. రాయి కదిలితే అప్పుడు సంతకం పెట్టి, మొదటి నుంచీ ప్రీమియం కడితే ఆ బిల్లు పాత ఇన్సూరెన్సే చూసుకుంటుంది. ప్రీమియం చూసి గుండె గుభేలుమంటుంది నిజమే. ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా మనమే కట్టాలి, ఆపైన 2 శాతం. కానీ ఈ ఏడాది డిడక్టిబుల్ కింద, అంటే ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వడం మొదలుపెట్టేముందు మన జేబులోంచి పెట్టాల్సిన దాని కింద, తను ఇప్పటికే పెట్టింది వృథా పోదు.

కోబ్రా వద్దనుకుంటే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్ ఉంది, ఎవరికి వారు మామూలు ఇన్సూరెన్స్ ప్లాన్లు కొనుక్కునే చోటు. ఉద్యోగం ఇన్సూరెన్స్ పోయినవాళ్లకు అక్కడా 60 రోజులే. వీసా మీద ఉన్నవాళ్లూ తీసుకోవచ్చు, పాత జబ్బు అడ్డు కాదు. ఈ నెలాఖరులోపే ఎంచుకుంటే ఒకటో తారీఖు నుంచి మొదలవుతుంది.

బ్రాడీపేట కుర్రాడు

అక్కా, షార్ట్ టర్మ్‌ను మరీ అంత తీసిపారేయకండి. మా అన్నయ్య చదువైపోగానే యూనివర్సిటీ ఇన్సూరెన్స్ ఆగిపోయింది. దానికి కోబ్రా వర్తించదు. ఉద్యోగం వచ్చేదాకా షార్ట్ టర్మ్ మీదే ఉన్నాడు. బాస్కెట్‌బాల్ ఆడుతూ మడమ మెలిక పడితే డిడక్టిబుల్ పోను డబ్బిచ్చారు.

తెనాలి అమ్మాయి, టెక్సాస్

తమ్ముడూ, ఏ జబ్బూ లేని కుర్రాడికి, ప్రమాదాల భయానికి పరవాలేదు. కాకపోతే అది అయిపోయిందని చెప్పి మార్కెట్‌ప్లేస్‌లోకి రానివ్వరు. అప్పటికి ఉద్యోగం రాకపోతే నవంబరు 1న అందరికీ తెరిచేదాకా కూర్చోవాలి. పైగా 2024 సెప్టెంబరు నుంచి ఇవి మూడు నెలలకే, పొడిగించినా నాలుగు దాటకూడదని రూలు పెట్టారు. 2025 ఆగస్టులో ఆ రూలు అమలుకు పెద్దగా పట్టుబట్టబోమన్నారు. అందుకని ఎన్నాళ్లకు ఇస్తున్నారో కాగితం మీద చూసుకోవాలి.

కొత్తపేట మందులషాపు, గుంటూరు

చాలా సంతోషం అమ్మా. మీ జవాబు అమ్మాయికి పంపాను, చదివి మెత్తబడింది. ఒక్క అనుమానం. రెండు నెలలంటే ఒక్కోసారి 61, 62 రోజులవుతాయి కదా. చివరి రోజు నొప్పి వస్తే?

తెనాలి అమ్మాయి, టెక్సాస్

మంచి ప్రశ్న బాబాయ్ గారూ. ఇన్సూరెన్స్ ఆగిన రోజు, కోబ్రా నోటీసు ఇచ్చిన రోజు, ఈ రెండింటిలో ఏది తర్వాతదైతే అక్కడి నుంచి 60 లెక్కపెడతారు. నోటీసు మామూలుగా ఆలస్యంగానే వస్తుంది. కవరు పారేయొద్దనండి. పాత ఇంటి అడ్రసుకు పోకుండా హెచ్ఆర్‌కు ఇప్పుడే కొత్త అడ్రసు ఇమ్మనండి. మధ్యలో ఆసుపత్రికి వెళ్లాల్సొస్తే మా సిస్టమ్‌లో ఇన్సూరెన్స్ లేనట్టే చూపిస్తుంది. టెన్షన్ పడకుండా కోబ్రా గడువులో ఉన్నానని చెప్పమనండి, అది మొదలయ్యాక క్లెయిమ్ మళ్లీ పంపుతాం.