స్లైమ్, శ్లేష్మం చుట్టాలేనా?

పిల్లలు ఆడుకునే స్లైమ్‌ని తెలుగులో ఏమనాలి, ఆ మాట మన శ్లేష్మం నుంచే వెళ్ళిందా అని అడిగారు కదా. రెండోది ముందు చూద్దాం.

వెళ్ళలేదండీ. ఇంగ్లీషుకి అది సొంత మాటే. పాత ఇంగ్లీషులోనే ‘స్లీమ్’ అని ఉంది. జర్మన్‌లో దాని తోడబుట్టినది ‘ష్లైమ్’. దానర్థం అచ్చంగా శ్లేష్మమే కాబట్టి ఎవరైనా పొరబడతారు. శ్లేష్మం మాత్రం సంస్కృతంలోని ‘శ్లిష్’ ధాతువు నుంచి వచ్చింది. అంటుకోవడం అని అర్థం. కౌగిలించుకుంటే ఆశ్లేషం, ఒకే మాటకి రెండర్థాలు అంటుకుంటే శ్లేష, అంటుకున్నవాటిని విడదీస్తే విశ్లేషణ. గొంతులో కఫానికీ విశ్లేషణకీ తల్లి ఒకటేనని తెలిసిన రోజు నాకు భలే సంతోషం వేసింది.

స్లైమ్ వంశం ఇంకోలా నడిచింది. జర్మన్‌లో ‘లైమ్’ అంటే జిగురు. ముందు ఒక్క ‘ష్’ చేరితే శ్లేష్మం! ఇంగ్లీషులో సున్నానికి వాడే లైమ్ కూడా మొదట్లో అంటించే పదార్థమే. పిట్టల్ని పట్టడానికి కొమ్మలకి పూసే బంకకీ అదే పేరు. లాటిన్‌లో ‘లీముస్’ అంటే బురద. వీటన్నిటి మూలధాతువులో అంటుకోవడం, జారడం రెండూ ఉన్నాయి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో బాబెలు గోపురం ఇటుకల మధ్య పెట్టింది ‘స్లైమ్’. మన తెలుగు బైబిల్లో అక్కడ ‘మట్టికీలు’ అని ఉంటుంది. అంటే తారులాంటిది, గట్టిగా పట్టేది.

అంటుకునేదే జారడం ఎలా అంటారా? గోడ మీద పాకే నత్తని దగ్గరగా చూడండి. దాని పాదం కింద పలచటి జిగురు పొర ఉంటుంది. నిట్టనిలువు గోడకి నత్తని పట్టి ఉంచేది అదే, ముందుకు జారనిచ్చేదీ అదే. పాదం నెట్టిన చోట ఆ పొర నీళ్ళలా పలచనైపోతుంది, వదలగానే మళ్ళీ గట్టిపడి పట్టుకుంటుంది. నత్త వెళ్ళిపోయాక మెరిసే చార మిగులుతుంది.

ఇక తెలుగు మాట. మాటెల్ కంపెనీ 1976లో ఆకుపచ్చ స్లైమ్‌ని అమ్మకానికి పెట్టింది. అందులో జిగురు గోరుచిక్కుడు గింజల నుంచి తీసిందే. అయినా ఆ బొమ్మని స్లైమ్ అనే అందాం, పిల్లలకి అదే అలవాటు. మిగతా చోట్ల మాత్రం ఒకే మాటతో సరిపెట్టొద్దు. ముక్కులోది చీమిడి, గొంతులోది కఫం లేదా తెమడ, నోట్లోంచి కారేది చొంగ, తడి రాతి మీదది పాచి, చెట్టుకి కారేది బంక. ఇన్ని ఉండగా అనువాదాల్లో అన్నిటికీ ‘జిగట పదార్థం’ అని రాసేస్తుంటే బాధగా ఉంటుంది.

నత్త చార దగ్గరే నేను ఆగిపోతున్నాను. జిగురు అంటే జారడం పోతుంది, పాచి అంటే అంటుకోవడం పోతుంది. దానికి మీ ఇళ్ళలో ఏదైనా మాట ఉంటే కింద రాయండి.