హనుమకొండలో ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లినవాళ్లు ఉన్నారా?

కాజీపేట జంక్షన్: పెళ్లై ఆరేళ్లు, రోజూ లొల్లే. నక్కలగుట్ట వైపు ఒక మేడమ్ దగ్గరికి వెళ్లాం. ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చదివారట. మొదటి రోజే చార్ట్ మీద రెండు వైపులా తాతల దాకా గీయించారు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, పడనివాళ్ల మధ్య వంకర గీత. ఈసారి మా అమ్మను కూడా తీసుకురమ్మన్నారు. తీసుకెళ్లాలా? గంటకు ఎంత ఫీజు న్యాయం?

పరకాల పత్తి: అత్తగారిని మాత్రం వద్దు! మేం తీసుకెళ్లాం. గంటసేపు టిష్యూ డబ్బా అత్తమ్మ ఒళ్లోనే ఉంది. ఆటో ఎక్కగానే "నన్ను కోర్టు బోనెక్కించినవ్" అన్నది. నాలుగేళ్లయింది, ఇంకా అదే మాట.

పాత పట్వారీ: మా రోజుల్లో పెద్దమనుషులు కూర్చుంటే పూటలో తేలేది. ఫ్యామిలీ కోర్టుకు పోయినా ముందు రాజీకే చూడాలి, 1984 చట్టంలోనే ఉంది.

నర్సంపేట అక్క: ఎవరివైపు తేలేది బాబాయ్? మా చిన్నమ్మ పంచాయితీ ఆమె లేకుండానే అయింది. ఆమె వంటింట్లో చాయ్ పెడుతోంది.

హంటర్ రోడ్: అసలు సంగతి వదిలేశారు. ఆ మేడమ్‌కే విడాకులయ్యాయట. ఇక మనకేం చెబుతుంది?

పరకాల పత్తి: మా ఊరి పురుగుమందుల షాపాయన ఎకరం కూడా దున్నలేదు. మందు మాత్రం సరిగ్గానే ఇస్తాడు.

హంటర్ రోడ్: సరిగ్గానా? నిరుడు గులాబీ పురుగుకని అలాంటివాడే ఇచ్చాడు. మూడెకరాలు పోయింది.

పరకాల పత్తి: కాయలోకి దూరాక కొడితే ఏ మందు పనిచేస్తుంది? మీరు కౌన్సెలింగ్‌కు కూడా అప్పుడే పోతారు.

హంటర్ రోడ్: పర్సనల్‌గా మాట్లాడొద్దు.

కేయూ సైకాలజీ: ఎంఏ చేశాను కాబట్టి చెబుతున్నా, విడాకులు కాదు, చదువు చూడండి. ఆ చార్టును జెనోగ్రామ్ అంటారు, ఫ్యామిలీ థెరపీలో పేరున్న అమెరికా సైకియాట్రిస్ట్ ముర్రే బోవెన్ ఆలోచనల నుంచి వచ్చింది. కోపం ఎన్ని తరాలుగా నడుస్తోందో అందులో కనబడుతుంది. ఇంకొకటి, క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి. అమెరికాలో ఫ్యామిలీ థెరపిస్టుకు వేరే లైసెన్సే ఉంది.

పాత పట్వారీ: అమెరికాలో విడాకులూ ఎక్కువే కదా.

నర్సంపేట అక్క: సర్టిఫికెట్లు గోడకు బాగానే ఉంటాయి. మాకు కౌన్సెలింగ్ చెప్పినాయనకు మూడు వేలాడుతున్నాయి. మా ఆయన కొడతాడని తెలిసి కూడా ఇద్దరినీ ఒకే సోఫాలో కూర్చోబెట్టి "మనసులో ఉన్నది చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. ఆ రాత్రి దానికి కూడా కలిపి దెబ్బలు తిన్నాను. తర్వాత 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి పంపారు.

కేయూ సైకాలజీ: అక్కా, అది ఆ కౌన్సెలర్ తప్పే. ముందు ఎవరితో వాళ్లను విడిగా మాట్లాడించాలి. దెబ్బలున్నచోట జంటను కలిపి కూర్చోబెట్టరు.

హంటర్ రోడ్: అలా అయితే ఆ మేడమ్ విడిగా మాట్లాడిందా, అది అడగండి.

కాజీపేట జంక్షన్: మాట్లాడారు, చెరో అరగంట. మా మధ్య చేయిచేసుకోవడం లేదు, మాటలే. నిన్న చార్ట్ ఫోటో అమ్మకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "మీ బాపుకూ పెద్దబాపుకూ నడుమ గీత సాఫ్‌గా గీసినవేందిరా, పదేండ్లు మాటల్లేకుండె" అన్నది. శనివారం వస్తానంది. ఫీజు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.