ఐఎన్‌ఎల్‌ఏను కూల్చింది అప్రూవర్లా, సొంత తుపాకులా?

గోదారిగట్టు: ఐరిష్ నేషనల్ లిబరేషన్ ఆర్మీని (ఐఎన్‌ఎల్‌ఏ), అంటే ఉత్తర ఐర్లాండ్‌లో బ్రిటిష్ పాలనమీద తుపాకీ ఎత్తిన సంస్థని, 1974లో పెట్టింది సీమస్ కాస్టెలో, అదే బాటలోని పాత సంస్థ అఫీషియల్ ఐఆర్‌ఏ నుంచి బయటికొచ్చి. 1977లో డబ్లిన్‌లో కారులో కూర్చుని ఉంటే పాత సంస్థవాళ్లు కాల్చేశారు. అయినా సంస్థ నిలబడింది. నడుం విరిచింది సంస్థలోనివాడే, హ్యారీ కర్క్‌పాట్రిక్. అతను అప్రూవర్‌గా మారాక ఎవరికీ ఎవరిమీదా నమ్మకం మిగల్లేదు. చిచ్చు పెట్టింది పోలీసులే.

రావిచెట్టు: అతని సాక్ష్యం చెల్లదని అప్పీలు కోర్టు 1986 డిసెంబర్‌లో 24 మందిని వదిలేసింది కదండీ. నెల తిరక్కుండానే, 1987 జనవరి 20న, ద్రోహెడా హోటల్లో రాజీ మాటలకని వచ్చిన ఐఎన్‌ఎల్‌ఏ నాయకులు టా పవర్‌నీ జాన్ ఓ'రైలీనీ చంపింది, దాన్నుంచే చీలిన ఐపీఎల్‌వోలో చేరిన పాత సహచరులు. పోలీసులు కాదు.

గోదారిగట్టు: ఐపీఎల్‌వో పుట్టిందే జైలు గొడవల్లోంచి. వాళ్లు జైలుకెళ్లింది ఎవరివల్ల?

సుమతి: 1981లో ఐరిష్ ఖైదీలు జైల్లో చేసిన నిరాహారదీక్షలో పోయిన పదిమందిలో ముగ్గురు ఐఎన్‌ఎల్‌ఏవాళ్లే. ఓ'హారా, లించ్, డెవిన్. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

రావిచెట్టు: ఎవరివల్ల, ఎవరివల్ల! 1987లోనే ఐఎన్‌ఎల్‌ఏ మాజీ నాయకుడి భార్య మేరీ మెక్‌గ్లించీ డండాక్‌లో పిల్లలకు స్నానం చేయిస్తోంది. వాళ్ల కళ్లముందే కాల్చారు. 1996లో ఐఎన్‌ఎల్‌ఏ లోపలి తగాదాలో బెల్ఫాస్ట్‌లో తొమ్మిదేళ్ల పాప ఇంట్లోనే పోయింది. ఆ పాప ఎవరిమీద సాక్ష్యం చెప్పింది?

గోదారిగట్టు: గొంతు పెంచకండి. మా నాన్న యూనియన్ చీలినప్పుడు ఆయన్ని ఇన్ఫార్మర్ అన్నారు. నాతో చదివినవాడి పెళ్లికి కూడా మమ్మల్ని పిలవలేదు. ఆ పుకారు స్టేషన్లోనే పుట్టింది, నాకు తెలుసు.

రావిచెట్టు: పుట్టించింది వాళ్లే అనుకుందాం. నమ్మి మీ గడప తొక్కడం మానేసింది ఎవరు?

గోదారిగట్టు: అందరినీ హంతకుల లెక్కలో వేస్తే, అన్నం మానేసి ప్రాణం వదిలిన ఆ ముగ్గురూ అందులోకే పోతారు. దానికి నేను ఒప్పుకోను. నా బాధంతా అదే.

రావిచెట్టు: వాళ్లను నేను ఒక్క మాటా అనలేదు. నేను ఎత్తింది పవర్ పేరు. అప్రూవర్ల మాటమీద ఏళ్లకేళ్లు రిమాండులో ఉన్నాడు. పార్టీ చెప్పినట్టు తుపాకీ నడవాలి గానీ తుపాకీ చెప్పినట్టు పార్టీ కాదని వాదిస్తూ రాసిన మనిషి. మీరు చెప్పే పోలీసు దెబ్బ తిని బతికి బయటికొచ్చాడండీ. సొంతవాళ్ల దగ్గర బతకలేదు.